ప్రభుత్వ భవనాలలో విద్యుత్తు - లెక్కలకు లంకె

మామిడికి పేర్లెన్ని ఉన్నవో నూజివీడు ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. బనగానపల్లె పేరు మీదుగా మనం బంగినపల్లి అని పిలుచుకొనే పండు హైదరాబాదు చేరితే బేనిషాన్ అవుతుంది. మరొక బజారులో సఫేదా అవుతుంది. ఇంకొకచోట చప్పటాయి అంటారు. మనం కలెక్టరు కాయ అనేదానిని చిత్తూరు వైపు బెంగుళూరా అనీ, పరరాష్ట్రాలలో తోతాపురి అనీ వ్యవహరిస్తారు. అనుభవజ్ఞుడైన వర్తకునికి ఈ పేర్లన్నీ కరతలామలకం. పేరేదైనా కాయను చూచి పోల్చుకోగలడు. కాని ఖాతా పుస్తకానికి కన్నులు లేవు. ఒక పేజీలో బంగినపల్లి అనీ, మరొక పేజీలో బేనిషాన్ అనీ వ్రాసి ఉంటే, ఆ పుస్తకం దృష్టిలో అవి రెండు వేర్వేరు సరకులు. ఏ పేజీలోను తప్పు లేదు. అయినా మొత్తం లెక్క తప్పు.

మన ఊళ్ళలోని ప్రభుత్వ భవనాల విద్యుత్తు లెక్కలలో కూడ సరిగా ఇదే చిక్కు ఉన్నది. ఒక మండలంలోని ఉన్నత పాఠశాలను తీసుకొందాం. విద్యుత్ పంపిణీ సంస్థకు అది ఒక సర్వీసు నెంబరు. విద్యాశాఖకు అది 11 అంకెల యు-డైస్ సంఖ్య. భవనం కట్టించిన ఇంజనీర్ల కార్యాలయంలో అది ఒక అంచనా పత్రం. అందులో గోడల కొలతలు, గదుల వైశాల్యం ఉంటవి. ఇక ఊరివారికి అది చెరువుగట్టు బడి. ఈ నాలుగు చోట్లా సమాచారం ఉన్నది. ఎవరి పుస్తకం వారి వద్ద భద్రంగానే ఉన్నది. కాని ఈ నాలుగు పుస్తకాలూ చెప్పుతున్నది ఒకే భవనాన్ని గురించి అన్న సంగతి ఏ పుస్తకమూ ఎరుగదు.

కనుక అతి సామాన్యమైన ప్రశ్న ఒకటి అడిగితే సమాధానం దొరకదు. ఈ బడి విద్యుత్తును పొదుపుగా వాడుకొంటున్నదా, దుబారా చేస్తున్నదా? దీనికి జవాబు చెప్పవలెనంటే యూనిట్లు ఒక కార్యాలయం నుండి, వైశాల్యం మరొక కార్యాలయం నుండి, పిల్లల సంఖ్య మూడవదాని నుండి, ఫ్యాన్లు దీపాల వివరం నాలుగవదాని నుండి రావలెను. ఒక్క బడికైతే ఒక గుమాస్తా నాలుగు రోజులు తిరిగి సంపాదించవచ్చును. జిల్లాలోని బడులకు, ఆసుపత్రులకు, వసతి గృహాలకు, కార్యాలయాలకు అన్నిటికీ ఏటేటా అట్లా తిరగడం ఎవరి తరం? అందుచేత బిల్లు వచ్చినప్పుడు చెల్లించడం, బకాయి పడినప్పుడు చింతించడం తప్ప, ఆ బిల్లులోపలికి తొంగి చూచే ఆచారం మనకు ఏర్పడలేదు.

తొంగి చూస్తే కనిపించేదేమిటో చిన్న లెక్కతో చూద్దాం. పది గదులు, గదికి నాలుగు చొప్పున 40 ఫ్యాన్లు ఉన్న బడిని ఊహించండి. పాతకాలపు ఫ్యాను ఒకటి సుమారు 75 వాట్లు తీసుకొంటుంది. అన్నీ కలిసి 3 కిలోవాట్లు. రోజుకు 7 గంటలు, ఏడాదికి 220 రోజులు తిరిగితే 4620 యూనిట్లు ఖర్చు. ఇప్పుడు బజారులో దొరికే బి.ఎల్.డి.సి. ఫ్యాను దాదాపు 30 వాట్లతోనే అంత గాలినీ ఇస్తుంది. అవే గంటలు, అవే రోజులు తిరిగితే 1848 యూనిట్లు చాలును. ఒక్క బడిలో, ఒక్క ఫ్యాన్ల మీదనే, ఏడాదికి 2772 యూనిట్ల తేడా. పిల్లలకు గాలి తగ్గలేదు; ఖర్చు మాత్రం సగానికి మించి తగ్గినది. ఇంధన సామర్థ్యం అనే మాటకు అసలైన అర్థం ఇదే. సౌఖ్యాన్ని తగ్గించుకొని మిగుల్చుకొనేది లోభం. సౌఖ్యాన్ని నిలుపుకొంటూ మిగుల్చుకొనేది సామర్థ్యం.

భవనాలను ఒకదానితో ఒకటి పోల్చడానికి నిపుణులు ఒక కొలబద్దను వాడుతారు. దాని పేరు ఇంధన పనితీరు సూచిక. భవనం ఏడాదిలో వాడిన యూనిట్లను దాని వైశాల్యంతో, అనగా చదరపు మీటర్లతో, భాగించగా వచ్చేదే ఆ సూచిక. 500 చదరపు మీటర్ల కార్యాలయం ఏడాదికి 30,000 యూనిట్లు వాడితే దాని సూచిక 60. అంతే వైశాల్యంలో, అదే పని చేస్తున్న మరొక కార్యాలయం 120 వద్ద ఉంటే, అక్కడ ఏదో జరుగుతున్నదని గ్రహించవచ్చును. జ్వరమాపకం జ్వరానికి కారణం చెప్పదు. జ్వరం ఉన్నదని చెప్పుతుంది. ఈ సూచిక చేసే పనీ అంతే.

అయితే ఇక్కడ ఒక అపాయం పొంచి ఉన్నది. సూచిక తక్కువగా ఉన్న భవనమల్లా మంచి భవనం కాదు. ఫ్యాన్లలో సగం చెడిపోయి, దీపాలు కాలిపోయి, పిల్లలు ఏప్రిల్ ఎండలో అట్టలతో విసురుకొంటున్న బడికి సూచిక చాలా తక్కువగా వస్తుంది. కాగితం మీద అది ఆదర్శ పాఠశాల! పక్క ఊళ్ళో అన్ని ఫ్యాన్లూ తిరుగుతున్న బడి దుబారా బడిగా కనిపిస్తుంది. ఒక్క అంకెను మాత్రమే చూచి నిర్ణయం చేసే అధికారి లేమిని పొదుపుగా భ్రమించి, నిధులు అవసరమైన చోటును వదలిపెట్టే ప్రమాదమున్నది. ఈ భ్రమ తొలగవలెనంటే యూనిట్ల అంకె పక్కనే పిల్లల హాజరు, పనిచేసే ఫ్యాన్ల సంఖ్య, ఆ రోజు వేడి కూడ కనిపించవలెను. అనగా నాలుగు పుస్తకాలకు లంకె వేయవలెను.

చట్టం ఎంతవరకు వచ్చినదో కూడ తెలుసుకొందాం. మన దేశంలో ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చినది. దాని ననుసరించి 2002 మార్చి 1వ తేదీన ఇంధన సామర్థ్య సంస్థ ఏర్పడినది. రిఫ్రిజిరేటర్ల మీద, ఏర్ కండిషనర్ల మీద మనం చూచే నక్షత్రాల చీటీ ఈ సంస్థ ప్రవేశపెట్టినదే. భవనాల కోసం 2007లో ఇంధన పొదుపు భవన నియమావళిని ప్రకటించి, 2017లో సవరించినారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2014 జనవరిలో తన వాతావరణానికి తగినట్లు ఈ నియమావళిని స్వీకరించినది. కాని ఆ నియమావళి సాధారణంగా 100 కిలోవాట్ల విద్యుత్ భారం గాని, 120 కె.వి.ఏ. ఒప్పంద డిమాండు గాని ఉన్న పెద్ద భవనాలకు వర్తిస్తుంది. 2022లో చేసిన చట్ట సవరణ రాష్ట్రాలు ఈ హద్దును తగ్గించుకొనే వీలు కల్పించినది. మన లెక్కలోని 40 ఫ్యాన్ల బడి భారం ఫ్యాన్ల వరకు 3 కిలోవాట్లు. పెద్ద భవనాలకు నియమావళి ఉన్నది, నిపుణులు ఉన్నారు. చిన్న భవనాలకు ఎవరున్నారు? వేల సంఖ్యలో ఉన్నవి చిన్నవే.

తెలుగుదేశంలో ఈ విషయమై మంచి పనులు జరుగలేదని చెప్పడం లేదు. 2004 జూలైలో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు హైదరాబాదులో ప్రారంభించిన సి.ఐ.ఐ.-సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్, అమెరికా వెలుపల హరిత భవనాలకిచ్చే ప్లాటినం గుర్తింపును పొందిన మొట్టమొదటి భవనం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణాన్ని అతలాకుతలం చేసిన తరువాత, ఆ నగరపు వీధిదీపాలను, సుమారు 91 వేల దీపాలను, ఎల్.ఇ.డి. దీపాలుగా మార్చినారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించినది. కప్పు తెల్లనిదైతే ఎండను తిప్పికొట్టి గదిని చల్లబరుస్తుందన్నది దాని సూత్రం. ఇవన్నీ వస్తువులను మార్చే పనులు. ఏ వస్తువును, ఏ భవనంలో, ముందుగా మార్చవలెనో తెలియజేసేది సమాచారం. మన చర్చ ఇక దాని మీదకు వస్తుంది.

సమాచారానికి లంకె వేయడమనే ఈ పద్ధతిని ఇంగ్లీషులో లింక్డ్ డేటా అంటారు. లంకె సమాచారం అందాం. వరల్డ్ వైడ్ వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 2006లో దీనికి నాలుగు సూత్రాలను ప్రతిపాదించినాడు. వాటిని రేడియో పెట్టె ఉన్న ఇంటివారికి వివరించడం కష్టం కాదు. విజయవాడ కేంద్రాన్ని ఒకరు బెజవాడ స్టేషన్ అనవచ్చు, మరొకరు ఆకాశవాణి అనవచ్చు, మూడవవారు మన రేడియో అనవచ్చు. ఏ పేరు పలికినా రేడియో పెట్టెకు అక్కరలేదు. శ్రోతలు ఎరిగిన 837 కిలోహెర్ట్జ్ అనే సంఖ్య వద్ద ముల్లు నిలిపితే ఆ కేంద్రమే పలుకుతుంది, హైదరాబాదుకు 738. ఒక కేంద్రపు సంఖ్యను దగ్గరలోని మరొక కేంద్రానికి ఇవ్వరు. ఇస్తే రెండూ కలిసి గోల తప్ప మాట వినబడదు.

బెర్నర్స్-లీ మొదటి సూత్రం ఇదే: ప్రతి వస్తువుకు, అది భవనమైనా మీటరైనా గ్రామమైనా, తనదంటూ ఒక గుర్తు ఉండవలెను. రెండవ సూత్రం: ఆ గుర్తు వెబ్ చిరునామా రూపంలో ఉండవలెను, ఎవరు ఎక్కడ నుండి అడిగినా అందవలెను. మూడవది: ఆ చిరునామాను అడిగినవారికి ఆ వస్తువును గురించి ఉపయోగకరమైన వివరం దొరకవలెను. నాలుగవది: ఆ వివరంలో ఇతర వస్తువుల గుర్తులకు దారులు ఉండవలెను. బడిని అడిగితే మీటరుకు, మీటరును అడిగితే ట్రాన్స్‌ఫార్మరుకు, ట్రాన్స్‌ఫార్మరును అడిగితే గ్రామానికి దారి కనిపించవలెను. పల్లెటూరిలో కొత్తవానికి చిరునామా చెప్పే తీరు ఇదే గదా! రావిచెట్టు దగ్గర అడగండి, వారు మీకు తరువాతి మలుపు చెప్పుతారు అంటాం.

ఈ వివరాలను వ్రాసే భాష కూడ బహు సరళమైనది. దానిని ఆర్.డి.ఎఫ్. అంటారు. వెబ్ ప్రమాణాలను నిర్ణయించే డబ్ల్యూ-త్రీ-సి అనే సంస్థ 1999లో దానిని ఆమోదించినది. అందులో ప్రతి సంగతినీ మూడు ముక్కల వాక్యంగా వ్రాస్తారు: కర్త, సంబంధం, కర్మ. ఈ మీటరు - కొలుస్తుంది - ఈ బడిని. ఈ బడి - ఉన్నది - ఈ గ్రామంలో. ఈ గదికి - గాలి ఇస్తున్నది - ఈ ఫ్యాను. రెండవ తరగతి వాచకంలోని వాక్యాల వంటివే. కాని ఇటువంటి వాక్యాలు లక్ష చేరినప్పుడు, ఒక వాక్యంలోని కర్మ మరొక వాక్యానికి కర్త అయి, పూలదండలాగ కూర్చబడుతవి. అప్పుడు స్పార్కిల్ అనే ప్రశ్నల భాషలో, దీనిని 2008లో ఆమోదించినారు, ఆ దండనంతా ఒక్క ప్రశ్నతో వెదకవచ్చును.

ఇందులో మామిడిపండు చిక్కుకు కూడ పరిష్కారమున్నది. బంగినపల్లి అనేదీ బేనిషాన్ అనేదీ ఒకటే అన్న ఒక్క వాక్యాన్ని చేర్చితే చాలును. ఎవరి ఖాతాను వారు తిరిగి వ్రాయనక్కరలేదు. ఎవరి పేరును వారు మానుకోనక్కరలేదు. పంపిణీ సంస్థ సర్వీసు నెంబరు దానికే ఉంటుంది. విద్యాశాఖ యు-డైస్ సంఖ్య దానికే ఉంటుంది. ఆ నెంబరు గల సర్వీసు, ఈ సంఖ్య గల బడికి విద్యుత్తునిస్తున్నది అన్న వాక్యం మధ్యలో వంతెనగా నిలుస్తుంది. అందరినీ ఒకే పుస్తకంలో వ్రాయమని శాసించిన పథకాలు సామాన్యంగా కొద్ది కాలానికే మూలపడుతవి. ఎవరి పుస్తకం వారికి ఉంచి లంకె మాత్రం వేసే పద్ధతికి మనుగడ ఎక్కువ.

భవనాల లోపలి యంత్రాల విషయంలో పాశ్చాత్య దేశాలవారు ఈ చిక్కును మనకంటె ముందుగా ఎదుర్కొన్నారు. అక్కడి పెద్ద భవనాలలో వేడిని, గాలిని, తేమను కొలిచే సాధనాలు వేలకొలది ఉంటవి. బిగించిన ప్రతి కంపెనీ తన ఇష్టం వచ్చినట్లు పొడి అక్షరాలతో పేర్లు పెట్టినది. ఒక భవనంలో దుబారాను పట్టుకొనడానికి వ్రాసిన కంప్యూటరు కార్యక్రమం పక్క భవనంలో పనికిరాలేదు. దీనిని సరిచేయడానికి 2011లో ప్రాజెక్ట్ హేస్టాక్ అనే ప్రయత్నం మొదలైనది. 2016లో అమెరికా, డెన్మార్క్ దేశాల విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరు కలిసి బ్రిక్ అనే ఉమ్మడి పదకోశాన్ని ప్రకటించినారు. బ్రిక్ అంటే ఇటుక. ఒకదానికొకటి పోలిక లేని ఆరు భవనాలను ఆ పదాలతో వర్ణించి, ఎనిమిది రకాల కార్యక్రమాలను వాటి మీద నడిపి చూపినారు. ఒకసారి వ్రాసిన కార్యక్రమం అనేక భవనాలలో పనిచేయడమే అందులోని లాభం. ఈ పదకోశం ఎవరైనా ఉచితంగా వాడుకోదగినది.

ఇక మన ప్రాంతానికి వద్దాం. నూజివీడు మండలాన్ని మాదిరిగా తీసుకొని, ఈ పద్ధతి ఇక్కడ ఎట్లా పనిచేయగలదో ఊహించి చూద్దాం. మొదట ఎదురయ్యేది ఊరి పేరే. ఇంగ్లీషు అక్షరాలలో నూజివీడును రెండు మూడు విధాలుగా వ్రాయడం కద్దు. ఒక కార్యాలయం ఒక వర్ణక్రమం, మరొక కార్యాలయం మరొకటి. కంప్యూటరుకు అవి రెండు ఊళ్ళు. రెండవది జిల్లా. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి నూజివీడు కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాలో చేరినది. ఆ తేదీకి ముందటి రికార్డులు కృష్ణా క్రింద, తరువాతివి ఏలూరు క్రింద ఉంటవి. పది సంవత్సరాల వాడకాన్ని పోల్చి చూడబోయినవారికి బడి ఒక జిల్లాలో అంతర్ధానమై, మరొక జిల్లాలో అవతరించినట్లు కనిపిస్తుంది! లంకె పద్ధతిలో ఊరికి తన గుర్తు తనకే ఉంటుంది. ఈ తేదీ వరకు ఫలానా జిల్లా, ఆ తరువాత ఫలానా జిల్లా అని రెండు వాక్యాలు చేర్చితే చరిత్ర తెగిపోదు. కేంద్ర ప్రభుత్వం ప్రతి గ్రామానికీ పంచాయతీకీ ఇచ్చిన స్థానిక ప్రభుత్వ సూచీ సంఖ్య ఇందుకు సిద్ధంగానే ఉన్నది.

ఈ విధంగా కూర్చిన సమాచారాన్ని ఏమని అడుగవచ్చును? ఒక ప్రశ్న: వేసవి సెలవులలో, అర్ధరాత్రి వేళ, విద్యుత్తు వాడుతున్న బడులేవి? మామిడి కోతలు ముమ్మరంగా సాగే మే నెలలో బడులకు తాళాలు పడి ఉంటవి. అప్పుడు రాత్రి రెండు గంటలకు మీటరు తిరుగుతున్నదంటే నీళ్ళ మోటారు ఆపకుండా వదలి ఉండవచ్చు, తీగెలో లోపం ఉండవచ్చు, పరులెవరైనా తీగె తగిలించి ఉండవచ్చు. ఇదే ప్రశ్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని అడిగితే అర్థం మారుతుంది. అక్కడ టీకా మందులు 2 నుండి 8 సెంటీగ్రేడు డిగ్రీల మధ్య నిరంతరం ఉండవలెను. రాత్రి మీటరు తిరుగుతుండడమే అక్కడ క్షేమం, ఆగిపోతే ఉపద్రవం. రెండు చోట్లా మీటరు చెప్పే అంకె ఒకటే కావచ్చును. ఈ భవనంలో టీకాల శీతల పెట్టె ఉన్నది అన్న ఒక్క వాక్యం జత అయినప్పుడే ఆ అంకెకు అర్థం వస్తుంది. లంకె లేని అంకెను నమ్మి ఎవరైనా ఉత్సాహంతో స్విచ్చి తీసివేస్తే, మిగిలేది నాలుగు యూనిట్లు. పోయేది పసిబిడ్డల రక్షణ.

మరొక ప్రశ్న ఏర్ కండిషనర్లు ఉన్న కార్యాలయాలను గురించి. ఇంధన సామర్థ్య సంస్థ చెప్పినదాని ప్రకారం యంత్రం మీద పెట్టే ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుంది. అందుకే 2020 జనవరి నుండి నక్షత్రాల చీటీ గల గది ఏర్ కండిషనర్లు 24 డిగ్రీల వద్ద మొదలయ్యేటట్లు తయారు కావలెనని నిబంధన వచ్చినది. కోస్తా ప్రాంతం నియమావళి లెక్కలో ఉక్కపోత మండలం. వేడితో పాటు గాలిలో తేమ ఉంటుంది గనుక ఇక్కడ ఫ్యాను గాలి శరీరానికి పెద్ద ఊరట. ఫ్యాను తిరుగుతుండగా 26 డిగ్రీలు కూడ చాలామందికి హాయిగానే ఉంటవి. ఏ గదిలో ఎందరున్నారు, ఎన్ని డిగ్రీలు పెట్టినారు, తలుపులు తెరచి ఉన్నవా అన్న వివరాలకు మీటరు అంకెతో లంకె ఉంటే, ఖాళీ గదిని చల్లబరుస్తున్న యంత్రాన్ని పట్టుకొనడం సులభం.

ఇంత సూక్ష్మంగా లెక్క ఎక్కడ నుండి వస్తుందని సందేహం కలుగవచ్చును. నెలకొకసారి రీడింగు తీసే మీటరుతో ఇది సాధ్యం కాదు. నెల మొత్తం మీద వచ్చిన అంకెలో పగలూ రాత్రీ, సెలవూ పనిదినమూ కలిసిపోతవి. స్మార్టు మీటరు అరగంటకో పావుగంటకో ఒక అంకెను నమోదు చేయగలదు. 2021లో కేంద్ర విద్యుచ్ఛక్తి శాఖ జారీచేసిన ప్రకటనలో బ్లాకు స్థాయి, ఆపై ప్రభుత్వ కార్యాలయాలను ఇటువంటి మీటర్లకు ముందు వరుసలో నిలిపినారు. మీటర్ల మీద ప్రజలలో అనేక శంకలున్నవి. వాటిని చర్చించడం వేరే ప్రసంగం. కాని ప్రభుత్వ భవనంలో ఆ మీటరు పెట్టినప్పుడు, దాని అంకెలు బిల్లు కోసమే గాక ఆ భవనాన్ని బాగుచేయడానికి కూడ ఉపయోగపడవలెనని కోరడం న్యాయం. ఆ ఖర్చు భరించేది ప్రజలే గదా.

ఈ పద్ధతికి హద్దులు కూడ ఉన్నవి. మొదటి సంగతి: లంకె సమాచారం స్వయంగా ఒక్క యూనిట్‌ను కూడ ఆదా చేయదు. అది దారి చూపుతుంది, నడవవలసింది మనిషి. చెడిన మోటారును గుర్తించిన తరువాత దానిని బాగుచేయించే నిధి, మరమ్మతు చేసే ఎలక్ట్రీషియను, అడిగే అధికారి లేకుంటే ఆ జ్ఞానం గోడ మీది బొమ్మ. రెండవది: మొదటి లంకెలు వేసేటప్పుడు ఓపిక కావలెను. తప్పు మీటరును తప్పు బడికి ముడివేస్తే, ముడి లేనప్పటికంటె ఎక్కువ హాని. ఎవరో ఒకరు గోడ దగ్గర నిలబడి మీటరు మీది నెంబరును కంటితో చూచి సరిపెట్టుకోవలసిందే. మూడవది: భవనాల లెక్క మనుషుల మీద నిఘా కాకూడదు. ఏ గదిలో ఎందరున్నారన్నంతవరకు చాలును; ఎవరున్నారన్నది అక్కరలేదు. వసతి గృహంలో ఆడపిల్లలు ఎన్ని గంటలకు దీపమార్పినారో జిల్లా కార్యాలయానికి తెలియవలసిన అవసరం లేదు. నాలుగవది: ఎక్కువ వాడిన బడిని దోషిగా నిలబెట్టే అలవాటు మొదలైతే, ప్రధానోపాధ్యాయులు భయపడి ఫ్యాన్లు ఆపిస్తారు. అంకె తగ్గుతుంది, చదువు ఎండిపోతుంది. ఆ పొదుపు మనకు వద్దు.

ఈ పనికి కావలసిన నేర్పు దూరదేశం నుండి దిగుమతి చేసుకోనక్కరలేదు. నూజివీడులోనే 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం వారి ట్రిపుల్ ఐటీ ప్రారంభమైనది. గ్రామాల నుండి వచ్చిన పిల్లలు ఆరు సంవత్సరాలు అక్కడే ఉండి ఇంజనీరింగు పూర్తి చేస్తారు. కంప్యూటరు శాస్త్రం చదివే విద్యార్థులు నలుగురు, విద్యుత్తు శాఖలో చదివేవారు ఇద్దరు కలిస్తే, చుట్టుపక్కల పది బడులకు ఇటువంటి లంకెలు వేయడం ఒక సంవత్సరపు ప్రాజెక్టుకు తగిన పని. వారు ఏ బడిలో చదివి అక్కడికి వచ్చినారో ఆ బడులతోనే మొదలుపెట్టవచ్చును. భవనాల ఇంధన విషయమై హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో భవన శాస్త్ర పరిశోధన కేంద్రం ఉన్నది. సలహాకు కొదవ లేదు.

పాఠకులలో చాలామంది ఏదో ఒక బడికో, గ్రంథాలయానికో, పంచాయతీ కార్యాలయానికో సంబంధించినవారు. కంప్యూటరు వచ్చేవరకు ఆగనక్కరలేదు. ఒక తెల్లకాగితం తీసుకొని నాలుగు గీతలు గీయండి. మొదటి గడిలో మీటరు మీది సర్వీసు నెంబరు, రెండవ గడిలో బడి యు-డైస్ సంఖ్య లేదా గ్రామ సంఖ్య, మూడవ గడిలో గదుల వైశాల్యం, నాలుగవ గడిలో పనిచేసే ఫ్యాన్లు దీపాల సంఖ్య, పనిచేయనివాటి సంఖ్య విడివిడిగా వ్రాయండి. క్రింద నెలనెలా వచ్చిన యూనిట్లు వేయండి. ఆ కాగితాన్ని కార్యాలయం గోడకు అంటించండి. పన్నెండు నెలలు నిండేసరికి మీ భవనం సూచిక ఎంతో మీరే లెక్క కట్టగలరు. ఏ నెలలో ఎందుకు పెరిగిందో పాఠశాల యాజమాన్య సంఘంలో అడగగలరు. రేపు ఎవరైనా కంప్యూటరుతో వచ్చినప్పుడు, వారికి మొట్టమొదట కావలసినది ఆ కాగితమే.